హార్స్‌పవర్ అంకెను నమ్మాలంటే డైనో గది ఎలా ఉండాలి?

ఒకే కారును ఒకే రోజు రెండు వేర్వేరు డైనోల (కారును కదలకుండా కట్టి దాని పవర్‌ను కొలిచే యంత్రాల) మీద నడిపిస్తే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ఒకచోట 300 హార్స్‌పవర్ చూపించిన కారు ఇంకోచోట 270 చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంజన్‌లో ఏమీ మారలేదు. మారినవల్లా కొలిచే యంత్రం, గదిలో గాలి, టైర్లలో ప్రెషర్, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న ఒక చిన్న సెట్టింగ్. అయినా ట్యూనింగ్ (పవర్ కోసం ఇంజన్ సెట్టింగ్‌లను మార్చడం) చేయించుకున్నవాళ్లు ముందుగా చెప్పుకునేది ఆ ఒక్క అంకెనే. దాని పక్కన ఉండాల్సిన వివరాలను అడిగేవాళ్లు తక్కువ.

అంకె సరిగ్గా రావడానికి చేసే ఏర్పాట్లూ, ఇంజన్నీ గదిలోని మనుషుల్నీ కాపాడే ఏర్పాట్లూ చాలావరకు ఒకటే. గాలి ఆడని గదిలో అంకె తప్పుగా వస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది, మనుషులు విషవాయువు పీలుస్తారు. మూడూ ఒకే లోపం వల్ల. అందుకే డైనో గురించి మాట్లాడేటప్పుడు కొలతను ఒకవైపు, భద్రతను ఇంకోవైపు పెట్టి చూడటం నాకు సరైనదిగా అనిపించదు.

ట్యూనింగ్‌లో మారేదేంటి

పెట్రోల్ ఇంజన్‌కి కావాల్సినవి గాలి, ఇంధనం, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. ఎంత గాలి లోపలికి వెళ్తే అంత ఇంధనాన్ని కాల్చవచ్చు కాబట్టి పవర్‌కి అసలు హద్దు గాలే. క్యామ్‌షాఫ్ట్, ఎగ్జాస్ట్, గాలిని లోపలికి నెట్టే టర్బో లాంటి మార్పులన్నీ ఆ గాలి కోసమే. మిగతా రెండూ, అంటే ఎంత ఇంధనం చల్లాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అన్నవి, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ చేతిలో ఉంటాయి. ఈ రెండు పనుల్నీ ఒకే పెట్టెలోకి తెచ్చిన మోట్రానిక్ వ్యవస్థను బాష్ 1979లో తీసుకొచ్చింది. అప్పటిదాకా కార్బ్యురేటర్ జెట్లు మార్చడం, డిస్ట్రిబ్యూటర్ తిప్పడంగా ఉన్న పని అక్కణ్ణుంచి మెల్లగా పట్టికల్లో అంకెలు మార్చే పనిగా మారింది. ఆ పట్టికనే మ్యాప్ అంటున్నాం. ఒకవైపు ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు), ఇంకోవైపు ఇంజన్ మీద పడే లోడ్, ప్రతి గడిలో ఒక విలువ.

ఇక్కడ కాలం ఎంత చిన్న ముక్కల్లో నడుస్తుందో ఒకసారి లెక్కేసి చూడండి. 6000 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకు 100 చుట్లు, ఒక్కో చుట్టుకు 10 మిల్లీసెకన్లు. క్రాంక్‌షాఫ్ట్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే సమయం దాదాపు 28 మైక్రోసెకన్లు. ట్యూనర్ మ్యాప్‌లో ఒక డిగ్రీ టైమింగ్ పెంచాడంటే స్పార్క్‌ను అంత ముందుకు జరిపాడన్నమాట. ఇంధనం సంగతీ అంతే. నాలుగు స్ట్రోకుల చక్రం పూర్తవడానికి రెండు చుట్లు, అంటే 20 మిల్లీసెకన్లు. మామూలు పోర్ట్ ఇంజెక్టర్‌ను ఆ సమయంలో 85 శాతానికి మించి తెరిచి ఉంచితే అది సరిగ్గా తెరుచుకుని మూసుకునే వ్యవధి చాలదు, చల్లే పరిమాణం మీద అదుపు తప్పుతుంది. అంటే ఆ ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజెక్టర్‌కి ఉన్నది 17 మిల్లీసెకన్లే. పెద్ద టర్బో బిగించి పాత ఇంజెక్టర్లే ఉంచుకుంటే అడ్డం పడేది ఈ 17 మిల్లీసెకన్లే. మ్యాప్ ఎంత బాగా రాసినా ఆ కొరత తీరదు.

పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక కిలో ఇంధనానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ నిష్పత్తిని ల్యాంబ్డా 1 అంటారు. అంకె 1 కన్నా తగ్గితే ఇంధనం ఎక్కువైన రిచ్ మిశ్రమం, పెరిగితే ఇంధనం తక్కువైన లీన్ మిశ్రమం. గరిష్ఠ పవర్ మాత్రం అక్కడ రాదు. టర్బో లేని ఇంజన్లలో అది సాధారణంగా 0.85 నుంచి 0.9 మధ్య దొరుకుతుంది. టర్బో ఉన్నవాటిని ఫుల్ లోడ్‌లో 0.8 దరిదాపుల్లో నడిపిస్తారు. ఎందుకంటే ఎక్కువగా చల్లిన ఇంధనం ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటుంది. అలాగని ఇంకా ఇంకా రిచ్‌గా పెడితే మంచిదనుకోకూడదు. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కింద ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది.

ఈ నిష్పత్తిని చూపించేది ఎగ్జాస్ట్‌లో పెట్టిన వైడ్‌బ్యాండ్ సెన్సర్. అది కొలిచేది మిగిలిపోయిన ఆక్సిజన్‌ను ఆధారం చేసుకునే. దీనివల్ల ఒక చిక్కుంది. మిశ్రమం మరీ రిచ్ అయ్యో, ప్లగ్ బలహీనపడో ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ అయింది, అంటే మిశ్రమం సరిగ్గా అంటుకోలేదనుకోండి. వాడని ఆక్సిజన్ అంతా బయటికి వస్తుంది, సెన్సర్ లీన్ అని చూపిస్తుంది. అది నమ్మి ఇంకాస్త ఇంధనం పెంచితే మిస్‌ఫైర్ ఇంకా ముదురుతుంది. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ పైపులో చిన్న లీకున్నా ఇదే జరగొచ్చు. అందుకే మంచి ట్యూనర్ ఒక్క గేజ్ చూసి నిర్ణయం తీసుకోడు. టార్క్ (తిప్పే బలం) గీత నునుపుగా ఉందా, శబ్దంలో తడబాటు ఉందా, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఏం చెబుతోంది అని కలిపి చూస్తాడు.

నాకింగ్: అసలు శత్రువు

ట్యూనింగ్‌లో ఇంజన్లు పోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఇది కాస్త నిదానంగా చూద్దాం.

స్పార్క్ పడగానే మంట ఒక్కసారిగా అంతటా అంటుకోదు. ప్లగ్ దగ్గర మొదలై గోడల వైపు పాకుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇస్తారు. లోపలి ఒత్తిడి పిస్టన్ పైస్థానం దాటాక క్రాంక్ సుమారు 15 డిగ్రీలు తిరిగేసరికి శిఖరానికి చేరితే ఆ ఒత్తిడంతా క్రాంక్‌ను తిప్పడానికి బాగా పనికొస్తుంది. ఆ ఫలితాన్నిచ్చే అతి తక్కువ అడ్వాన్స్‌ను, అంటే స్పార్క్‌ను ముందుకు జరిపే డిగ్రీలను, ట్యూనర్లు ఎంబీటీ అంటారు.

ఇప్పుడు మంట పాకుతుండగా ఇంకా అంటుకోని మూలల్లోని మిశ్రమం సంగతి చూడండి. వెనకనుంచి మంట నెట్టుకొస్తుంటే అది నలిగి వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే మంట చేరేలోపే తనంతట తానే ఒక్కసారిగా పేలిపోతుంది. ఆ దెబ్బకు పుట్టిన ఒత్తిడి తరంగాలు సిలిండర్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. సుమారు 86 మిల్లీమీటర్ల బోర్ ఉన్న ఇంజన్‌లో ఆ మోత 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. బ్లాక్ మీద బిగించిన నాక్ సెన్సర్ ఆ కంపనాన్నే వెతుకుతుంది. చాలామంది ట్యూనర్లు బ్లాక్‌కి మైక్ తగిలించి హెడ్‌ఫోన్లలో స్వయంగా కూడా వింటారు.

నాకింగ్ చేసే చెడు శబ్దంతో ఆగదు. పిస్టన్ పైభాగాన్నీ సిలిండర్ గోడనూ అంటిపెట్టుకుని కాస్త చల్లగా ఉండే పలచటి వాయు పొర ఒకటుంటుంది. అదే అల్యూమినియాన్ని మంట వేడి నుంచి కాపాడుతుంది. నాకింగ్ తరంగాలు ఆ పొరను చెదరగొడతాయి, వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది. ప్లగ్ కొనో, వాల్వ్ అంచో ఎర్రగా కాలి స్పార్క్‌కన్నా ముందే మిశ్రమాన్ని అంటించడం మొదలుపెడుతుంది. దాన్ని ప్రీ ఇగ్నిషన్ అంటారు. అది మొదలైతే నిమిషాలు కూడా అక్కర్లేదు, పిస్టన్‌కి చిల్లు పడటానికి కొన్ని సెకన్లు చాలు.

టైమింగ్ విషయంలో ఒక సంగతి ట్యూన్ చేయించుకునే ప్రతి ఒక్కరికీ తెలిసుండాలని నా కోరిక. ఎంబీటీ దగ్గర టార్క్ గీత దాదాపు చదునుగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తగ్గితే పోయే టార్క్ చాలా స్వల్పం. కానీ బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువున్న టర్బో ఇంజన్లలో, మామూలు పంపు పెట్రోల్ మీద, ఎంబీటీ చేరకముందే నాకింగ్ హద్దు వచ్చేస్తుంది. అక్కడ ప్రతి డిగ్రీ కొన్ని హార్స్‌పవర్లు తెచ్చిపెడుతూనే ఉంటుంది. ఆశ పుట్టేది అక్కడే. డైనో గదిలో, ఫ్యాన్ ముందు, చల్లటి వేళ హద్దు అంచుదాకా తీసుకెళ్లిన టైమింగ్ మంటెక్కే ఎండలో హద్దు దాటేస్తుంది. షీట్ మీద నాలుగైదు హార్స్‌పవర్లు వదులుకుని రెండు డిగ్రీలు వెనక నిలబడ్డ మ్యాపే మంచి మ్యాప్ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంధనానికి కూడా ఇదే లెక్క. ఒక ఆక్టేన్ (పెట్రోల్ నాకింగ్‌ను తట్టుకునే స్థాయి) మీద చేసిన మ్యాప్‌ను అంతకన్నా తక్కువ ఆక్టేన్ మీద వాడితే ఆ రెండు డిగ్రీల మిగులు మాయమవుతుంది. 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఈ85 నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది గానీ దానికి దాదాపు మూడో వంతు ఎక్కువ ఇంధనం చల్లాలి. ఇంజెక్టర్లూ పంపూ ముందే హద్దుల్లో ఉంటే మళ్లీ పైన చెప్పిన 17 మిల్లీసెకన్ల దగ్గరికే వస్తాం.

డైనో కొలిచేది దేన్ని

డైనో అనగానే హార్స్‌పవర్ కొలిచే యంత్రం అనుకుంటాం. అది కొలిచేది తిప్పే బలాన్ని, తిరిగే వేగాన్ని. పవర్ లెక్కగట్టి రాబట్టేది. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎమ్‌తో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 5000 ఆర్‌పీఎమ్ దగ్గర 400 న్యూటన్ మీటర్లంటే 209 కిలోవాట్లు. దాన్ని బ్రిటిష్ హార్స్‌పవర్‌లోకి మారిస్తే 281, మెట్రిక్ హార్స్‌పవర్‌లోకి మారిస్తే 285. అదే ఇంజన్, అదే క్షణం, నాలుగు హార్స్‌పవర్ల తేడా. ఏ యూనిట్ అని అడక్కుండా రెండు షీట్లను పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు.

తిరిగే షాఫ్ట్‌కి బ్రేకు వేసి బలాన్ని కొలవడమనే ఆలోచన పాతదే. గాస్పార్ ద ప్రోనీ 1821లో రాపిడి బ్రేకుతో ఆ పని చేశాడు, విలియం ఫ్రూడ్ 1877లో నీటితో పనిచేసే డైనమోమీటర్‌ను తెచ్చాడు. ఇవాళ వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఇనర్షియా డైనోలో బరువైన డ్రమ్ము ఉంటుంది, కొన్నిటిలో టన్నుకు పైగా. కారు దాన్ని ఎంత వేగంగా తిప్పగలిగిందన్నదాన్ని బట్టి పవర్ లెక్కిస్తారు. లోడ్ డైనోలో విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది, దాంతో ఇంజన్‌ను 3500 ఆర్‌పీఎమ్ దగ్గరే కట్టిపడేసి మ్యాప్‌లోని ఒక్కో గడిని సరిచేసుకోవచ్చు. చక్రాలు విప్పేసి హబ్‌లకే బిగించేవి కూడా ఉన్నాయి. వాటిలో టైరు జారడమనే సమస్యే ఉండదు.

మ్యాప్ చేయడానికి లోడ్ డైనో మంచిదని నా అభిప్రాయం. కానీ దాంతో ఇంజన్ మీద పడే భారం కూడా ఎక్కువ. డ్రమ్ము మీద ఒక పుల్ (ఫుల్ థ్రాటిల్‌లో తక్కువ ఆర్‌పీఎమ్ నుంచి ఎక్కువదాకా ఒక పరుగు) కొన్ని సెకన్లలో అయిపోతుంది. బ్రేకు వేసి పట్టుకుంటే ఇంజన్ అదే వేడిలో నిమిషాల తరబడి నలుగుతుంది. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లను 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఫుల్ లోడ్‌లో అలా పట్టి ఉంచడం మరీ ప్రమాదం. తక్కువ వేగంలో ఎక్కువ బూస్ట్ ఉన్నప్పుడు ఆయిల్ తుంపరల వల్ల వచ్చే ప్రీ ఇగ్నిషన్ ఈ ఇంజన్లకు తెలిసిన జబ్బే. ఆయిల్ ప్రమాణాల్లో దానికోసం ప్రత్యేక పరీక్షే పెట్టాల్సి వచ్చింది.

చక్రాల దగ్గర కొలిచిన పవర్‌కి 15 శాతం కలిపి ఇదే ఇంజన్ పవర్ అని చెప్పే అలవాటు గురించి కూడా ఒక మాట. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, టైర్లలో పోయేది స్థిరమైన శాతం కాదు. అందులో కొంత వేగంతో పెరుగుతుంది, కొంత లోడ్‌తో పెరుగుతుంది, కొంత ఆయిల్ వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. చక్రాల అంకెను చక్రాల అంకెగానే ఉంచితే ఎవరికీ నష్టం లేదు.

కరెక్షన్ అనే గుణకారం

గాలి పలచబడితే ఇంజన్ బలం తగ్గుతుంది. 25 డిగ్రీల గాలి 45 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత సుమారు 6 శాతం పడిపోతుంది. ఎత్తైన చోట్ల ఇంకా తగ్గుతుంది. అందుకని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల వచ్చిన అంకెల్ని పోల్చడానికి వాతావరణ కరెక్షన్ పెట్టారు. ఎక్కువగా వాడేది ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణమైన జే1349. అది 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడిగాలి ఒత్తిడిని ప్రామాణికంగా తీసుకుంటుంది. పాత ప్రమాణం ఇంకొకటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌టీడీ అని కనిపిస్తుంది. అది ఇంకా చల్లటి, చిక్కటి గాలిని ఊహించుకుంటుంది కాబట్టి అదే పుల్‌కి దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఒక్క మౌస్ క్లిక్‌తో 300 కాస్తా 312 అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గదిలో 35 డిగ్రీలు, పొడిగాలి ఒత్తిడి 950 మిల్లీబార్లు. జే1349 సూత్రం ప్రకారం కరెక్షన్ సుమారు 1.07 వస్తుంది. యంత్రం నిజంగా కొలిచింది 200 అయితే షీట్ మీద 214 పడుతుంది. టర్బో లేని ఇంజన్‌కి ఇది న్యాయమే. టర్బో ఇంజన్ కథ వేరు. ఈసీయూ చాలాసార్లు ఇన్‌టేక్‌లో (గాలి ఇంజన్‌లోకి వెళ్లే దారిలో) ఒక నిర్దిష్ట ఒత్తిడిని లక్ష్యంగా పెట్టుకుని, బయట గాలి పలచబడితే టర్బోను ఇంకాస్త తిప్పి లోటు పూడ్చేస్తుంది. పూడ్చిన లోటుకి మళ్లీ 7 శాతం కలిపితే అది లేని పవర్‌ను రాసుకోవడమే. టర్బో కార్లకు కరెక్షన్ లేని అంకెను కూడా పక్కనే ముద్రించి ఇవ్వాలి.

డైనో వాతావరణ సెన్సర్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. ఇంజన్ నుంచి వచ్చే వేడిగాలి తగిలేచోట దాన్ని వేలాడదీస్తే గదిలో 25 ఉన్నా అది 40 చూపిస్తుంది. ఇంజన్ పీల్చేది చల్లటి గాలే, కరెక్షన్ మాత్రం 3 శాతం పెరుగుతుంది. కావాలని చేసినా పొరపాటున జరిగినా ఫలితం ఒకటే.

గాలి చాలకపోతే ఏమవుతుంది

రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారుకి ఎదురుగాలి సెకనుకు దాదాపు 28 మీటర్ల వేగంతో తగులుతుంది. రేడియేటర్, టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, బ్రేకులు, ఎగ్జాస్ట్, గేర్‌బాక్సు అన్నీ ఆ గాలినే నమ్ముకుని తయారైనవి. డైనో మీద కారు కదలదు. గదిలో తిరిగే సాధారణ ఫ్యాన్ మనిషికి చల్లగా అనిపిస్తుందేమో గానీ ఇంటర్‌కూలర్‌కి ఏ మూలకూ చాలదు.

పెట్రోల్‌లోని శక్తిలో క్రాంక్ దాకా చేరేది దాదాపు మూడో వంతు. మిగతాదంతా ఎగ్జాస్ట్‌లోకీ కూలెంట్‌లోకీ వేడిగా పోతుంది. 300 కిలోవాట్ల కారు ఫుల్ లోడ్‌లో ఉన్నంతసేపూ 600 కిలోవాట్లకు తక్కువ కాకుండా వేడిని ఆ గదిలోకి వదులుతుందన్నమాట. ఒకటి తర్వాత ఒకటి పుల్స్ చేస్తుంటే ఇంటర్‌కూలర్ వేడితో నిండిపోతుంది, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత పుల్ పుల్‌కీ ఎక్కుతుంది, ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంకె పడిపోతుంది. అది చూసి మ్యాప్ తప్పనుకుని టైమింగ్ పెంచితే నాకింగ్‌ను చేతులారా పిలిచినట్టే. ఫ్యాన్ గాలి బలంగా ఉండాలి, సరిగ్గా ఇంటర్‌కూలర్ మీదికీ రేడియేటర్ మీదికీ పడాలి, పుల్ పుల్‌కీ మధ్య అన్నీ మొదటి ఉష్ణోగ్రతలకు వచ్చేదాకా ఆగాలి. బానెట్ తెరిచి చేస్తే ప్రతిసారీ తెరిచే చేయాలి, మూసి చేస్తే ప్రతిసారీ మూసే.

ఇదే గాలి మనుషులకు కూడా. ఫుల్ లోడ్‌లో రిచ్‌గా నడిచే ఇంజన్ ఎగ్జాస్ట్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉండొచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. రిచ్ మిశ్రమంలో దాన్ని కాల్చడానికి ఆక్సిజనే మిగలదు.

లెక్క కట్టి చూద్దాం. రెండు లీటర్ల ఇంజన్, ఒక బార్ బూస్ట్, 2500 నుంచి 6500 దాకా 12 సెకన్ల పుల్. సగటున 4500 ఆర్‌పీఎమ్ అనుకుంటే నిమిషానికి సుమారు 9 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది, 12 సెకన్లలో 1.8 ఘనపు మీటర్లు. అందులో 4 శాతమంటే 72 లీటర్ల కార్బన్ మోనాక్సైడ్. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తున్న మూసిన గదిలో అది కలిస్తే 300 పీపీఎమ్ (పది లక్షల భాగాల గాలిలో 300 భాగాలు) అవుతుంది. ఒక్క పుల్‌కే. అమెరికాలో పనిచేసే చోట్ల ఆరోగ్య భద్రతను చూసే నియాష్ సంస్థ ఎంత కాసేపైనా దాటకూడదని పెట్టిన హద్దు 200 పీపీఎమ్. ప్రాణాపాయ స్థాయిగా చెప్పేది 1200 పీపీఎమ్. నాలుగు పుల్స్‌తో అక్కడికి చేరిపోతాం.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలయ్యేసరికే నిర్ణయాలు తీసుకునే శక్తి మందగిస్తుంది. థ్రాటిల్ మీద కాలు పెట్టి కూర్చున్న మనిషికి అలా జరగడమంటే ఏమిటో ఆలోచించండి. షట్టర్ సగం ఎత్తి వదిలేస్తే చాలదు. సైలెన్సర్ కొనకే తగిలించిన గొట్టంతో ఎగ్జాస్ట్‌ను బయటికి లాగే మోటారు, బయటి స్వచ్ఛమైన గాలి లోపలికొచ్చే దారి, మనుషులు పీల్చే ఎత్తులో అలారం మోగే డిటెక్టర్ తప్పనిసరిగా ఉండాలి. పీల్చుకునే గొట్టం ఒకవైపు, గాలి వచ్చే దారి దానికి ఎదురువైపు ఉండాలి. లేకపోతే ఇంజన్ తన పొగను తానే పీలుస్తుంది. అప్పుడు పవర్ కూడా పడిపోతుంది.

పట్టీలు, టైర్లు, ఎవరు ఎక్కడ నిలబడాలి

1:1 గేరులో, ఫైనల్ డ్రైవ్ 4.1 ఉన్న కారు, చుట్టుకొలత 2 మీటర్లున్న టైరు. 7000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ టైరు 205 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. హెచ్ రేటింగ్ టైరు గరిష్ఠ వేగం 210. అంటే మామూలు కారు మామూలు పుల్‌లోనే టైరు తన హద్దు అంచున ఉంటుంది. పైగా రోలర్ గుండ్రం కాబట్టి ట్రెడ్ చదును రోడ్డు మీదకన్నా ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. పగుళ్లిచ్చిన, ప్యాచ్ వేసిన, ఏళ్ల పాతవైన టైర్లతో కారును రోలర్ ఎక్కించకూడదు. ట్రెడ్‌లో ఇరుక్కున్న గులకరాయిని తీయకపోతే ఆ వేగంలో అది సెకనుకు 57 మీటర్ల దూరం వెళ్లగల వేగంతో ఎగురుతుంది. కారుకి ముందూ వెనకా, చక్రాల వరసలో ఎవరూ నిలబడకూడదన్న నియమానికి కారణం ఇదే. వీడియో తీసుకునేవాళ్లకి ఏ మినహాయింపూ లేదు.

పట్టీలు సస్పెన్షన్ చేతులకు కాకుండా ఛాసిస్‌కి, తయారీదారు ఇచ్చిన లాగుడు కొక్కేలకు కట్టాలి. ఎగ్జాస్ట్ పైపుకి దగ్గరగా పోనివ్వకూడదు. మరీ బిగించి కిందికి లాగితే టైరు రోలర్‌కి ఎక్కువ నొక్కుకుపోయి వేడెక్కుతుంది, పవర్ తక్కువ చూపిస్తుంది. వదులుగా కడితే టైరు జారుతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లు రోలర్ల మీద పక్కకు జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి వాటికి పక్క పట్టీలు కూడా కావాలి. రెండు చక్రాలే తిరుగుతుంటే కారు కంప్యూటర్‌కి అది జారుడులా కనిపించి పవర్ కోసేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్‌ను తయారీదారు చెప్పిన పద్ధతిలోనే ఆపాలి.

పుల్ మధ్యలో ఏదైనా తేడా అనిపిస్తే థ్రాటిల్ వదిలేయాలి, గేర్ తప్పించి డ్రమ్మును డైనో బ్రేకుతోనో దానంతట అదో నెమ్మదించనివ్వాలి. టన్ను బరువున్న డ్రమ్మును కారు బ్రేకులతో ఆపబోతే అవి కాలిపోతాయి, కారు పట్టీల మీద ఎగురుతుంది. ఎప్పుడు ఆపాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. నాకింగ్ కనిపిస్తే, ల్యాంబ్డా అనుకున్నదానికన్నా 0.05 లీన్ వైపు జరిగితే, ఆయిల్ లేదా ఇంధన ప్రెషర్ పడితే, పెట్రోల్ వాసన వస్తే ఆపేయాలి. 5500 దగ్గర తేడా చూసి, ఇంకో వెయ్యి ఆర్‌పీఎమ్ ఉంటే గ్రాఫ్ పూర్తవుతుంది కదా అని ఆపకుండా లాగినవాళ్ల ఇంజన్లే ఎక్కువగా పోతాయి. మంటలార్పే సిలిండర్ డ్రైవరుకీ ఆపరేటరుకీ చేయి చాపితే అందాలి. 100 డెసిబెల్స్ మోతను చెవులకు రక్షణ లేకుండా రోజుకు పావుగంటకు మించి వినకూడదని నియాష్ లెక్క. డైనో గదిలో ఆ మోత మామూలే.

ఒక జాగ్రత్తైన సెషన్

మ్యాప్ ముట్టుకునే ముందే ఇంజన్ ఆరోగ్యం చూడాలి. కంప్రెషన్, లీకులు, ప్లగ్‌లు, ఆయిల్, ఇంధనం ఏది అన్నవన్నీ. కంప్రెషన్ తగ్గిన సిలిండర్ ఉన్న కారును ఆ రోజు ట్యూన్ చేయకుండా వెనక్కి పంపగలిగినవాడే నమ్మదగ్గ ట్యూనర్. ఆ తర్వాత ఏమీ మార్చకుండా మొదటి కొలత. వరుసగా మూడు పుల్స్ ఒకటి రెండు శాతం తేడాలో ఒకదానిమీద ఒకటి పడేదాకా పని మొదలుపెట్టకూడదు. అవి కలవకపోతే తర్వాత వచ్చిన 2 శాతం లాభం మ్యాప్ వల్లో, టైరు వేడి వల్లో చెప్పలేం.

పని తక్కువ లోడ్ నుంచి మొదలవుతుంది. ఇంధనం ముందు, టైమింగ్ తర్వాత. బూస్ట్‌ను టర్బో ఒత్తిడికి హద్దు పెట్టే వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఇచ్చే కనిష్ఠ స్థాయిలో ఉంచి, టైమింగ్‌ను హద్దుకు చాలా వెనక మొదలుపెట్టి, ఒక్కో డిగ్రీ జరుపుతూ ప్రతి పుల్ లాగ్ (సెన్సర్ల రికార్డు) చదివాకే తర్వాతి పుల్. ఒక డిగ్రీ పెంచితే టార్క్ పెరగడం ఆగిపోయిందంటే అక్కడ ఇంకా ముందుకు పోవడానికి కారణమే లేదు. రెండు విషయాలు ఒకేసారి మార్చకూడదు.

షీట్ చేతికొచ్చాక చూడాల్సినవి పైన పడ్డ పెద్ద అంకెకి కింద ఉంటాయి. కరెక్షన్ ఏ ప్రమాణం, స్మూతింగ్ (గీతను నున్నగా చేసే సెట్టింగ్) ఎంత, ఏ గేరు, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత పుల్ మొదట్లో ఎంత చివర్లో ఎంత, ల్యాంబ్డా గీత, బూస్ట్ గీత. స్మూతింగ్ ఎక్కువ పెడితే మిస్‌ఫైర్ గుంతలు కూడా నున్నగా మాయమైపోతాయి. గ్రాఫ్‌తో పాటు అసలు లాగ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. తర్వాత ఏ ట్యూనర్ దగ్గరికి వెళ్లినా ముందుగా కావాల్సింది అదే.

డైనో మీద ఇన్‌టేక్ గాలి 40 డిగ్రీలు దాటకుండా చేసిన మ్యాప్‌లో 60, 70 డిగ్రీల వరుసలు అంచనా మీద నింపినవే. వాటిని సరిచూసుకోవడానికి మూసిన ట్రాక్ మీద, వేడి రోజున, వరుస ల్యాపుల లాగ్ కావాలి. ఆ లాగ్‌లో నాక్ సెన్సర్ ఎన్నిసార్లు టైమింగ్ వెనక్కి లాగిందో చూసి, ఆ గడుల్లో టైమింగ్ తగ్గించి, మళ్లీ నడిపి చూశాకే మ్యాప్ పని పూర్తయినట్టు.